ఒక్క గొంతుతో బృందగానం

ఎన్యా గురించి రాసేవాళ్లు ఎక్కువగా మంచు, సముద్రం, వెన్నెల అనే మూడు మాటల దగ్గరే ఆగిపోతారు. ఐర్లండు వాయవ్య తీరం, పాత కోట, గంధర్వలోకం నుంచి వచ్చినట్టుండే గొంతు అంటూ ఒక బొమ్మ గీసి, దాని కింద ఆమె పేరు రాసి వదిలేస్తారు. ఆమె రికార్డు కంపెనీ కూడా ఆ బొమ్మనే అమ్ముకుంది. వీడియోలూ ఆల్బమ్ అట్టలూ అందుకు తగ్గట్టే ఉంటాయి. ఇందులో శ్రోతల తప్పేమీ లేదు, ఆ పాటలు నిజంగానే నేల మీద కాలు మోపనట్టు ఉంటాయి. అయితే ఆ తేలికదనం ఎలా తయారైందని ఆరా తీస్తే కనిపించేది వేరు. డబ్లిన్ శివార్లలో ఒక ఇంటి పెరట్లో పెట్టుకున్న చిన్న స్టూడియో, అందులో ముగ్గురు మనుషులు, ఒకే వాక్యాన్ని పదులసార్లు, ఒక్కోచోట వందసార్లకు పైగా, తిరిగి తిరిగి పాడిన ఒక గొంతు. ఏడున్నర కోట్లకు పైగా ఆల్బమ్‌లు అమ్ముడయ్యాయని అంచనా ఉన్న ఈ గాయని ఇప్పటిదాకా సొంతంగా ఒక్క కచేరీ యాత్ర కూడా చేయలేదు. అలా తిరిగి తిరిగి పాడే పద్ధతికీ యాత్రలు చేయకపోవడానికీ సంబంధం ఉందనీ, ఆమె గొప్పతనం గొంతులో కన్నా, ఐరిష్ పుట్టుకలో కన్నా ఆ పనితీరులోనే ఉందనీ, ఆమెను మెచ్చుకున్నా తప్పుపట్టినా ముందు దాన్ని చూడాలనీ నా వాదన.

ఆమె 1961లో ఐర్లండులోని డోనెగాల్ కౌంటీలో, గ్వీడోర్ అనే ప్రాంతంలో పుట్టింది. దేశమంతటా ఇంగ్లీషు పరుచుకున్నాక కూడా ఐరిష్ భాష ఇంటి భాషగా మిగిలిన కొద్ది చోట్లలో అదొకటి. తండ్రి లియో బ్రెన్నన్ నృత్యశాలల్లో వాయించే స్లీవ్ ఫాయ్ అనే బ్యాండు నడిపి, తర్వాత పక్కనే మీనలెక్‌లో పానశాల తెరిచాడు. తల్లి సంగీతం టీచరు, చర్చిలో బృందగానం నడిపేది. తొమ్మిదిమంది పిల్లల ఇల్లు అది. ఎన్యా సన్యాసినుల బడిలో చదువుకుని, అక్కడే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, లాటిన్ నేర్చుకుంది. ఈ వివరాలు ఊరికే చెప్పడం లేదు. జానపద ఐర్లండు అనగానే మనకు తోచే ఫిడేలు, వేణువు, రాత్రిళ్లు పొయ్యి చుట్టూ పాటలు ఆ ఊళ్లో లేకపోలేదు. ఆమె చెవిని తయారుచేసినవాటిలో మాత్రం తండ్రి బ్యాండు వాయించిన హిట్ పాటలు, చర్చి బృందం, పియానో పాఠాలు కూడా అంతే బలంగా ఉన్నాయి. తర్వాతి పాటల్లో వినిపించేవి చాలావరకు ఇవే. ఆమె పేరును ఐరిష్ వర్ణక్రమంలో రాస్తే బయటివాళ్లు సరిగా పలకలేరని 1980ల మధ్యలో 'ద ఫ్రాగ్ ప్రిన్స్' సినిమా టైటిళ్లలో పలికే తీరులో రాశారు. ఆ రూపమే స్థిరపడింది.

ఆమె అన్నలు, అక్క, ఇద్దరు మేనమామలు కలిసి 1970లో పెట్టిన క్లానాడ్ బృందం ఐరిష్ పాటలకు కొత్త వాద్యాలు కట్టి యూరప్‌లో పేరు తెచ్చుకుంది. 1980లో ఎన్యా అందులో చేరి కీబోర్డు వాయించింది, వెనక గొంతు కలిపింది. రెండేళ్లకే బయటికి వచ్చేసింది. బృందాన్ని చూసుకునే సౌండ్ ఇంజనీరు నిక్కీ రయన్, అతని భార్య, బెల్‌ఫాస్ట్‌కు చెందిన కవయిత్రి రోమా రయన్ ఆమెతో పాటే వచ్చారు. బయటినుంచి చూస్తే ఇది తెలివితక్కువ పని. సరిగ్గా 1982లోనే క్లానాడ్ ఒక టీవీ నాటకానికి చేసిన 'హ్యారీస్ గేమ్' పాట బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానానికి ఎక్కింది. ఇటు ఎన్యా డబ్లిన్ ఉత్తర శివారు ఆర్టేన్‌లో రయన్ దంపతుల ఇంట్లో ఉంటూ పియానో పాఠాలు చెప్పుకుంటోంది. స్టూడియో ఖర్చులకు తన శాక్సఫోన్ కూడా అమ్ముకుంది. ఆ రోజుల్లో ఏర్పడ్డ పని విభజన తర్వాత మారలేదు. బాణీ, వాద్యం, పాట ఎన్యావి. మాటలు రోమావి. ధ్వని కూర్పు నిక్కీది. ఎన్యా అనే పేరు నిజానికి ముగ్గురికీ చెందుతుందని చెప్పుకోవడానికి వాళ్లెప్పుడూ మొహమాటపడలేదు.

ఆ కూర్పులోని కీలకం నిక్కీ మనసులో ఎప్పటినుంచో ఉన్న కోరిక. అమెరికాలో ఫిల్ స్పెక్టర్ వాద్యాల మీద వాద్యాలు పేర్చి గోడలాంటి ధ్వని కట్టాడు, బీచ్ బాయ్స్ గొంతుల మీద గొంతులు పేర్చారు. అదే పని ఒక్క మనిషి గొంతుతో చేస్తే ఎలా ఉంటుందన్నది అతని ప్రశ్న. పద్ధతి చెప్పుకోవడానికి సులువు. ఒక వరస పాడి టేపు మీద ఒక ట్రాకులో భద్రం చేస్తారు. దాన్ని చెవిలో వింటూ అదే వరస ఇంకో ట్రాకులో మళ్లీ పాడతారు. అలా ట్రాకులు నిండాక అన్నిటినీ కలిపి ఒకటి చేసి, ఖాళీ అయిన చోట మళ్లీ మొదలుపెడతారు. ఇక్కడ తెలుసుకోవలసిన చిన్న భౌతికశాస్త్రం ఉంది. ఒకసారి పాడినదాన్ని యంత్రంతో వంద నకళ్లు తీసి కలిపితే బృందగానం రాదు, అదే గొంతు మరింత గట్టిగా వినిపిస్తుంది, అంతే. మనిషి మళ్లీ పాడినప్పుడు శ్రుతి వెంట్రుకవాసి అటూ ఇటూ అవుతుంది, అక్షరం రవ్వంత ముందో వెనకో పడుతుంది, ఊపిరి మారుతుంది. చెవి ఆ తేడాలను పట్టుకుని 'ఇక్కడ చాలామంది ఉన్నారు' అనుకుంటుంది. అందరూ ఒక్క మనిషే కావడంతో గొంతుల రంగు మాత్రం ఒకటే. పదిమంది ఉన్నట్టూ ఒక్కరే ఉన్నట్టూ ఒకేసారి తోచే ఆ వింత అనుభూతినే మనం 'అలౌకికం' అంటున్నాం. యంత్రం నకళ్లతో పని తేలిక చేసుకుందామని వాళ్లూ చూశారు, ఫలితం నచ్చక మళ్లీ పాడటానికే తిరిగివచ్చారు.

బీబీసీ 'ద సెల్ట్స్' అనే చరిత్ర ధారావాహికకు సంగీతం అడగడంతో ఈ పద్ధతికి మొదటి పెద్ద అవకాశం దొరికింది. ఆ సంగీతమే 1987లో ఆమె పేరుతో మొదటి ఆల్బమ్‌గా వచ్చింది. దాన్ని విని ముచ్చటపడిన వార్నర్ సంస్థ బ్రిటన్ శాఖ అధిపతి రాబ్ డికిన్స్ ఆమెతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. 1988లో 'వాటర్‌మార్క్' వచ్చింది. అందులోని 'ఒరినోకో ఫ్లో' బ్రిటన్‌లో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. దక్షిణ అమెరికా నది పేరు అనిపించే ఆ శీర్షిక లండన్‌లో ఆల్బమ్‌కు తుది రూపమిచ్చిన ఒరినోకో స్టూడియో నుంచి వచ్చింది; డికిన్స్ పేరు కూడా పాటలోకి సరదాగా దూర్చారు. వయొలిన్ తీగలను వేళ్లతో మీటుతున్నట్టు వినిపించే ఆ ప్రసిద్ధమైన మొదలు, అప్పటికి కొత్తగా వచ్చిన రోలాండ్ డి-50 సింథసైజర్‌లో సిద్ధంగా ఉన్న ఒక ధ్వని. ఆ యంత్రం కొన్నవాళ్లందరి దగ్గరా అదే మీట ఉంది, పాట మాత్రం ఒక్కరే చేశారు. ఆ ఏడాది పాప్ సంగీతమంతా డ్రమ్ యంత్రాల మోతతో నిండి ఉంటే, ఈ పాట లయను కూడా ఆ మీటుళ్లకూ గొంతులకూ అప్పగించింది. ఆ విజయం తర్వాత ఆమె ఏడాదికో ఆల్బమ్ ఇచ్చి ఉంటే ఎవరూ తప్పనేవారు కాదు. కానీ 'షెపర్డ్ మూన్స్' 1991లో, 'ద మెమరీ ఆఫ్ ట్రీస్' 1995లో, 'ఎ డే వితౌట్ రెయిన్' 2000లో వచ్చాయి. ఈ మూడింటికీ, 2005 నాటి 'అమరాంటైన్'కూ గ్రామీలు దక్కాయి. న్యూ ఏజ్ అనే విభాగంలో ఇచ్చారు. ఆ ముద్ర ఆమెకు ఎప్పుడూ రుచించలేదు.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది ఐర్లండు సంప్రదాయ సంగీతాన్ని ప్రేమించేవాళ్లది: ఇందులో సెల్టిక్ ఎంత? ప్రశ్న న్యాయమైనదే. ఐరిష్ సంప్రదాయ గానంలో షాన్-నోస్ అనే పద్ధతి ఉంది. వాద్యం తోడు లేకుండా ఒక్కరే, స్వరం చుట్టూ చిన్న చిన్న మలుపులు చుడుతూ, చరణానికి చరణం మారుస్తూ పాడతారు; గమకాలకు అలవాటుపడిన తెలుగు శ్రోతకు అది త్వరగా అందుతుంది కూడా. ఎన్యా పాడే తీరు దానికి దాదాపు వ్యతిరేకం. స్వరాన్ని తిన్నగా, అలంకారం లేకుండా పట్టుకుంటుంది. పొరల పద్ధతికి అదే కావాలి మరి. వంద గొంతులు వంద గమకాలు వేస్తే మిగిలేది గందరగోళం. వాద్యాలు చాలావరకు సింథసైజర్లు. స్వరసమ్మేళనం చర్చిది. కాబట్టి 'ఇది ప్రాచీన సెల్టుల సంగీతం' అన్న ప్రచారాన్ని పక్కన పెట్టవలసిందే, దాన్ని అతికించింది ప్రధానంగా ఆ టీవీ ధారావాహిక. అలాగని ఐర్లండుతో సంబంధం లేదనడం మరో అతి. ఐరిష్ ఆమె పుట్టుభాష. వాటర్‌మార్క్ లాంటి లక్షల్లో అమ్ముడైన ఆల్బమ్‌లో ఐరిష్ పాటలు ఇంగ్లీషు పాటల పక్కన, అనువాదం అడగకుండా, సమానంగా కూర్చున్నాయి. మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్న భాషను మ్యూజియం వస్తువుగా చూపించకుండా పాప్ చార్టుల్లోకి అంత మామూలుగా తీసుకెళ్లినవాళ్లు తక్కువ. ఆమెకంటే ముందు ఆ పని చేసింది కూడా సొంత ఇంటివాళ్లే. 'హ్యారీస్ గేమ్' ఐరిష్ పాటే.

భాషతో ఆమె సంబంధం అక్కడితో ఆగలేదు, ఇక్కడే నాకు కొంత పేచీ ఉంది. లాటిన్, స్పానిష్, వెల్ష్, జపనీస్ భాషల్లో పాడింది. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి సినిమా కోసం 2001లో టోల్కీన్ కల్పించిన భాషల్లో పాడింది. అందులోని 'మే ఇట్ బీ' ఆస్కార్‌కు నామినేట్ అయింది. ఆ ప్రయోగం నుంచే మరో ఆలోచన పుట్టింది. అమరాంటైన్ తయారీలో ఒక బాణీకి రోమా ఇంగ్లీషు రాసి చూసింది, ఐరిష్ రాసి చూసింది, లాటిన్ రాసి చూసింది, ఏదీ అతకలేదు. చివరికి బాణీ కడుతూ ఎన్యా నోట దొర్లిన అర్థంలేని శబ్దాలనే ఆధారం చేసుకుని లాక్సియన్ అనే భాషను, దానికో లిపితో సహా కల్పించింది. ఈ ముగ్గురి సంగీతంలో అక్షరం మొదట శబ్దం, ఆ తర్వాతే అర్థం అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ప్రతిధ్వనిలో హల్లులు కరిగి అచ్చులు మిగిలే కూర్పుకు అది సహజమైన గమ్యమే. కానీ అదే ఆల్బమ్‌లో ఐరిష్ పాట ఒక్కటీ లేదు. ఎవరూ మాట్లాడని కొత్త భాషకు మూడు పాటలిచ్చి, అమ్మ మాట్లాడిన భాషకు ఒక్కటీ ఇవ్వకపోవడం కళాకారిణి స్వేచ్ఛే అయినా, వినేవాడికి లోటే. అర్థం తెలియకపోయినా, ఆమె ఐరిష్ పాడుతున్నప్పుడు అక్షరాల్లో వినిపించే బరువు లాక్సియన్‌లో వినిపించదు.

రెండో అభ్యంతరం వేదిక గురించి. జనం ముందు పాడనివాళ్లను గాయకులనవచ్చా? కచేరీ సంప్రదాయంలో పెరిగిన మనకు ఈ సందేహం మరీ సహజం. మన దగ్గర విద్వత్తుకు పరీక్ష సభలోనే జరుగుతుంది. ఆలాపన, స్వరకల్పన అప్పటికప్పుడు పుట్టాలి. అయితే అదే తెలుగు శ్రోత సినిమా పాటను వేరే తూకంతో తూస్తాడు. ఘంటసాల, సుశీల పాటలు మద్రాసు స్టూడియోల్లో పుట్టాయి. రికార్డు మీద ఉన్నదే అసలు పాట అని, వేదిక మీద పాడినది దాని నీడ అని మనం ఏనాడో ఒప్పుకున్నాం. ఒక తేడా ఉంది, దాచనక్కర్లేదు: వాళ్లు వాద్యబృందంతో కలిసి ఒక్క ఊపులో పాడేవారు, ఎన్యా ముక్కలు ముక్కలుగా కడుతుంది. కానీ పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు మానేసి మిగిలిన జీవితం రికార్డింగులకే ఇచ్చాడు. బీటిల్స్ 1966లో పర్యటనలు ఆపాకే స్టూడియోలో కొత్త దారులు వెతికారు. ఆమెది ఆ వరస. ఒకే మనిషి వంద గొంతులను వేదిక మీదికి తీసుకురావడం ఎలా? వందమంది గాయకులను పెడితే గొంతుల రంగు మారిపోతుంది, టేపు పెడితే అది కచేరీ కాదు. అడపాదడపా టీవీలో, 2002 ఆస్కార్ వేడుకలో కనిపించి పాడింది. అంతకు మించి రాకపోవడాన్ని బిడియంగా కంటే నిజాయితీగా చూడటం సబబు. డబ్లిన్ దక్షిణాన కిలైనీలో కోట కొనుక్కుని మనుషులకు దూరంగా ఉంటుందని పత్రికలు రాసే కథలకు ఈ చిన్న సాంకేతిక కారణం అంత రుచిగా ఉండదు, అందుకే కాబోలు ఎవరూ దాని జోలికి పోరు.

మూడోది మొదటి రెండిటికంటే గట్టిది: ఇదంతా మసాజ్ గదుల్లో, హోటల్ లిఫ్టుల్లో వేసుకునే నేపథ్య సంగీతం. అక్కడ వేస్తారు, నిజమే. నెమ్మదిగా మారే స్వరసమ్మేళనం, మెత్తగా మొదలయ్యే ధ్వనులు, పొడుగాటి ప్రతిధ్వని మనిషిని శాంతపరుస్తాయి. కానీ ఒక సంగీతాన్ని ఎక్కడ వాడుతున్నారన్నది ఒకటి, అందులో ఏముందన్నది మరొకటి. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా టీవీ, రేడియోలు 'ఓన్లీ టైమ్' పాటను ఆ దృశ్యాలకు జతచేసి పదేపదే వినిపించాయి. ఏడాది ముందే వచ్చిన ఆ పాట అప్పుడు అమెరికా చార్టుల్లో మొదటి పదిలోకి చేరింది. దాని రాబడిని బాధిత కుటుంబాల సహాయానికి కేటాయిస్తూ ప్రత్యేకంగా మళ్లీ విడుదల చేశారు. దుఃఖంలో ఉన్న జనం లిఫ్టు సంగీతాన్ని వెతుక్కోరు. ఓదార్పు పేరుతో ఏడిపించకుండా, ధైర్యం పేరుతో అరవకుండా, తెలియని విషయాన్ని తెలియదనే చెప్పే పాట కావడం వల్లే అది అక్కడ పనికొచ్చింది. అదే పాటను 2013లో రెండు వోల్వో లారీల మధ్య ఒక సినిమా నటుడు కాళ్లు చాపే ప్రకటనకు వాడుకున్నారు, జనం నవ్వుకున్నారు. రెండూ ఒకే పాట మోయగలిగిందంటే దాన్ని వట్టి నేపథ్యం అనలేం.

నాలుగో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు: అన్నీ ఒకేలా ఉంటాయి. మొదటి మూడు నాలుగు ఆల్బమ్‌లలో అది నిజం కాదు. వాటిలో లాటిన్ ఘోషలాంటివి, పియానో ఒక్కటే ఉన్న చిన్న ముక్కలు, వాల్ట్జ్ నడకలు, పందొమ్మిదో శతాబ్దపు భక్తిగీతం, ఒపెరా పాట పక్కపక్కన ఉన్నాయి. 2000 తర్వాత ఆ వైవిధ్యం పలచబడింది. ఒకే ముగ్గురు, ఒకే గది, బయటి వాద్యకారులు దాదాపు లేకపోవడం, అడిగేవాళ్లెవరూ లేకపోవడం. ఏ పద్ధతి ఆ ధ్వనిని కాపాడిందో అదే దానికి గోడ కూడా అయింది. 2015 నాటి 'డార్క్ స్కై ఐలండ్' కొంత తేరుకుంది. రాత్రి ఆకాశాన్ని కృత్రిమ కాంతి నుంచి కాపాడుకున్నందుకు 2011లో గుర్తింపు పొందిన సార్క్ అనే చిన్న ద్వీపం దానికి ప్రేరణ. మంచి పాటలున్నాయి, ఆశ్చర్యం మాత్రం తక్కువ.

ఆమె సంగీతంలోని గట్టిదనాన్ని పరీక్షించడానికి నేను ఎంచుకునేది పెద్ద హిట్లను కాదు, 'ద సెల్ట్స్' కోసం చేసిన 'బోడిసియా'ని. రోమన్ల మీద తిరగబడిన బ్రిటన్ రాణి పేరు అది. పాటలో మాటల్లేవు, మూసిన పెదవుల మధ్య నుంచి వచ్చే కూనిరాగం, కింద మంద్రంలో ఒక సింథసైజర్. 1996లో అమెరికన్ హిప్‌హాప్ బృందం ఫ్యూజీస్ అనుమతి అడక్కుండా దాన్ని 'రెడీ ఆర్ నాట్' పాటకు పునాది చేసుకుంది. వ్యవహారం కోర్టుదాకా వెళ్లబోయి పరిహారంతో, పేరు వేయడంతో సర్దుకుంది. 2004లో మారియో వినాన్స్ అదే కూనిరాగం మీద విరహగీతం కట్టాడు, ఈసారి కళాకారుల వరసలోనే ఎన్యా పేరు పడింది. 2022లో మెట్రో బూమిన్, ద వీకెండ్ ఆ పాటను మళ్లీ తిరగరాసి 'క్రీపిన్' పేరుతో కొత్త తరానికి అందించారు. డ్రమ్ముల మోత మీద, కోపం మీద, అసూయ మీద నిలబడినా చెక్కుచెదరని కూనిరాగం అది. కొత్తగా వినేవాళ్లు అక్కడే మొదలుపెట్టి, వాటర్‌మార్క్, షెపర్డ్ మూన్స్ ఆల్బమ్‌లను వరసగా, పాటలు దాటేయకుండా వినడం మంచిది. ఫోను స్పీకరు మీద కింది పొరలు వినబడవు, ఇయర్‌ఫోన్లు కావాలి.